మా వదిన అన్నదెవరు?

సూట్‌కేసు గడప దాటింది. పిచ్చుక ఇంకా దాటలేదు.

దాటనివ్వకుండా గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది తల్లి. మోకాళ్ళ నొప్పులు కాబట్టి కూర్చుంది గానీ, లేకపోతే రెండు చేతులూ బార్లా చాచి నిలబడేదే.

"నువ్వు లేస్తావా, నన్ను కిటికీలోంచి దూకమంటావా?" అంది పిచ్చుక.

"దూకు. ఊచలున్నాయి."

"అమ్మా!"

"అమ్మా లేదు, గిమ్మా లేదు. వదిన దగ్గరికెళ్ళి తప్పయిపోయిందను. ఆ ఫ్యాక్టరీ వాళ్ళకి ఉద్యోగం వద్దని చెప్పు. ఆ తర్వాత ఎక్కడికి పోతావో పో."

"చెయ్యని తప్పుకి చెంపలేసుకోవాలా? బాగుందే నీ న్యాయం!"

వంటింటి గుమ్మానికి ఆనుకుని ఇదంతా చూస్తోంది ఆ ఇంటి కోడలు. కడిగిన గ్లాసు మీద కూడా మరక కనిపెట్టేస్తోందని, కాపురానికొచ్చిన కొత్తలో కూతురికి పిచ్చుక అని పేరు పెట్టిన మావగారే ఆమెకి భూతద్దం అని పెట్టారు. ఆయన పోయారు. పేరు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

నిన్న సాయంత్రం కళ్ళద్దాల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఫోన్ ఇంకా ఆమె చెవిలో మోగుతూనే ఉంది.

చెకింగ్ సెక్షన్లో ఉన్నది ఒకటే ఖాళీ. అది పిచ్చుకకి వచ్చింది. "పరీక్ష మీరూ బాగానే చేశారండీ. కానీ మీ వాళ్ళకి ఫోన్ చేస్తే మాట మంచిగా రాలేదు" అన్నాడు గుమాస్తా. ఎవరన్నారని నిలదీస్తే, "ఎవరో ఆడమనిషి. మా వదిన, మా వదిన అంటూ మాట్లాడిందట" అని పెట్టేశాడు.

ఈ ఇంట్లో ఆమెని వదినా అని పిలిచే నోరు ఒకటే.

అసలు పిచ్చుక ఆ ఉద్యోగానికి వెళ్ళనే లేదు. వదినకి తోడుగా వెళ్ళింది. "ఒక్కదాన్నే అంటే బెరుగ్గా ఉందే, రా" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది తనే. అక్కడికి వెళ్ళాక, "ఊరికే కూర్చోవడమెందుకు, మీరూ రాయండి" అన్నారెవరో. ఇది పళ్ళికిలించుకుంటూ వెళ్ళి రాసింది. ఇంటికొచ్చే దారిలో, "నాకేం వస్తుందిలే వదినా, నాకు పగటిపూటే సరిగ్గా కనపడదు" అని జోకులేసింది.

ఆ జోకుకి తను నవ్వింది కూడా. అది గుర్తొస్తేనే ఒళ్ళు మండుతోంది.

చెకింగ్ సెక్షన్లో ఆడవాళ్ళు తెల్లకోట్లు వేసుకుంటారు. ఆ కోటు తెచ్చుకున్నాక ఏ కొక్కేనికి తగిలించాలో కూడా భూతద్దం ముందే అనుకుని పెట్టుకుంది. ఇప్పుడు ఆ కొక్కేనికి పిచ్చుక కోటు వేలాడుతుంది. రోజూ కనపడుతుంది. ఉతికి ఇస్త్రీ చెయ్యమంటే చెయ్యాలి కూడానేమో!

ముందుగదిలో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే మొగుడు స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకునే వచ్చాడు.

"ఎవరికొస్తే ఏముందే? వచ్చింది మనింటికే కదా!"

"మీరు నోరు మూసుకోండి" అంది భూతద్దం.

"నువ్వు మాట్లాడకన్నయ్యా" అంది పిచ్చుక.

నిన్నటి నుంచీ ఇద్దరూ ఒక్కమాట మీదకి రావడం అదే మొదలు. ఆయన స్క్రూడ్రైవరుతో బుర్ర గోక్కున్నాడు.

"ముందు ఆ ఫోన్ సంగతి తేల్చండి" అంది అత్తగారు. "మనింటి నంబరంటే ముందుగది షాపుదేగా. ఆ ఫోను ఎవరెత్తారు?"

"నేనే ఎత్తుతాను. భోజనానికి లేచినప్పుడు తప్ప."

"నువ్వు భోజనానికి లేచినప్పుడు?"

అందరూ పిచ్చుక వైపు చూశారు.

"ఒక్కసారి ఎత్తాను" అంది పిచ్చుక. "మిక్సీ జారు ఎప్పుడిస్తారని ఒకావిడ అరిచింది. మా అన్నయ్యని అడగండని పెట్టేశాను. అంతే!"

"ఏ ఆవిడ?"

"ఫోన్లో మొహం కనపడుతుందా అన్నయ్యా?"

ఆయన దగ్గరున్న పాత ఫోనుకి ఎవరు చేశారో చూపించే తెర లేదు. జారు ఇవ్వాల్సినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఇంకేం తేలుతుంది?

"పోనీండి వదినా. మీరు మనసు పాడుచేసుకోకండి." వంటింట్లోంచి టీ కప్పుతో వచ్చింది మరదలు, భూతద్దం తమ్ముడి భార్య. రెండు వీధుల అవతల ఉంటుంది. నిన్న ఫోన్లో వదిన గొంతు విని ఉండబట్టలేక పొద్దున్నే వచ్చేసింది. "ముందు ఇది తాగండి. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఇలాగైతే ఏమైపోతారు?"

"నీకున్న పాటి జ్ఞానం దీనికుంటే నాకీ గొడవే లేకపోయేది" అంది అత్తగారు, కూతుర్ని చూపిస్తూ.

పిచ్చుక ఆ మాట పట్టించుకోలేదు. తిన్నగా వచ్చి వదిన ఎదురుగా నిలబడింది. కళ్ళ కింద ఉబ్బి ఉంది. ఏడ్చిన సంగతి దాచుకోవడం దానికి ఎప్పుడూ చేతకాదు.

"వాళ్ళందరి సంగతి వదిలెయ్. నువ్వు చెప్పు. ఆ మాట నేనే అన్నానని నమ్ముతున్నావా?"

భూతద్దం టీ కప్పులోకి చూసింది.

"అవునో కాదో చెప్పు వదినా."

నమ్ముతోందా? ఏమో. నమ్మాలని మాత్రం ఉంది. పిచ్చుక మోసం చేసి గెలిచిందంటే ఓడిపోయినా తలెత్తుకోవచ్చు. మోసం చెయ్యకుండానే గెలిచిందంటే ఇంక ఆ తల ఎక్కడ పెట్టుకోవాలి?

"తెలిసింది" అంది పిచ్చుక. "అయితే విను. నేనేదో త్యాగం చేస్తున్నానని అనుకోకు. ఆ ఉద్యోగం నాకూ కావాలి. నీకంటే ఎక్కువే కావాలి. నేను పనిచేసే మందులషాపు మూతపడ్డ దగ్గర్నుంచీ అన్నయ్య తిండి తింటున్నాను. ప్రతి ముద్దా లెక్కపెట్టుకునే తింటున్నాను. కానీ దొంగ అనిపించుకుని ఆ కుర్చీలో కూర్చోలేను. ఈ ఇంట్లోనూ ఉండలేను. నా స్నేహితురాలి గదికి పోతున్నా. నువ్వే వెళ్ళి చెప్పుకో. మా ఆడపడుచు రాదు, ఆ కుర్చీ నాకివ్వండని చెప్పుకో."

"చెప్తాను" అంది భూతద్దం.

కప్పు బల్ల మీద పెట్టింది. చేతిసంచి తీసుకుంది.

మరదలు గబగబా వెనకే వచ్చింది. "ఇప్పుడు మీరు వెళ్ళడమెందుకు వదినా? ఫోన్లో చెప్తే పోయేదానికి! నంబరివ్వండి, నేను మాట్లాడతాను. అక్కడికెళ్ళి వాళ్ళనీ వీళ్ళనీ అడిగితే మాట మీద మాట పెరుగుతుంది."

"పెరగనీ" అంది భూతద్దం.

అత్తగారు కోడలి కోసం మాత్రం కుర్చీ కాస్త పక్కకి జరుపుకుంది.

*

ఫ్యాక్టరీలో చెకింగ్ మేడమ్ తలెత్తలేదు. దీపం కింద ఒక అద్దాన్ని రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని నెమ్మదిగా తిప్పుతోంది.

"మీ ఆడపడుచు రాలేదేం?"

"ఆ సంగతి తర్వాత చెప్తాను మేడమ్. ముందు నాకొకటి తెలియాలి. ట్రేలో అద్దాల గీతలు పట్టిన పరీక్షలో ముందెవరు?"

"మీరే."

ఆ ఒక్కమాటకి భూతద్దం ఒళ్ళంతా వేడెక్కింది. నిన్నటి నుంచీ కాచుకుని ఉన్నది ఈ మాట కోసమే.

"మరి నాకెందుకివ్వలేదు?"

"ఇద్దామనే అనుకున్నాను. ఫోన్ చేశాక మానుకున్నాను."

"నా చేతిపని పక్కన పడేసి, ఫోన్లో ఎవరో వాగింది పట్టుకుంటారా?"

మేడమ్ అద్దాన్ని మెత్తటి గుడ్డ మీద పెట్టింది. ఆమెకి కోపం వచ్చినట్టు లేదు. ఇలాంటి ప్రశ్న ఇదివరకు చాలామంది దగ్గర విన్నట్టుంది.

"అటు చూడండి."

గాజుగోడ అవతల తెల్లకోట్లు. ప్రతి దీపానికీ ఇద్దరు చొప్పున ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు.

"ఒకావిడ చూసి పంపిన అద్దాన్ని ఎదురుగా ఉన్నావిడ మళ్ళీ చూస్తుంది. గీత కనపడితే వెనక్కిస్తుంది. రోజంతా అదే. ఇక్కడ ఉద్యోగమే తప్పు పట్టడం. పట్టే తీరు బాగుండలేదనుకోండి, వారం తిరక్కుండా జుట్టూ జుట్టూ పట్టుకుంటారు. పోయినసారి చూపు చూసి ఒకావిణ్ణి తీసుకున్నాను. ఆమె కంటినుంచి దుమ్ముకణం కూడా తప్పించుకునేది కాదు. ఆమె ఎదురుగా కూర్చోలేక మాత్రం మంచి పనివాళ్ళు ఒక్కొక్కరే మానేశారు."

"నేనలాంటిదాన్నని మీకెలా తెలుసు?"

"తెలీదు. అందుకే ఫోన్ చేశాను. చూపెంతుందో ట్రే చెప్తుంది. తీరెలాంటిదో ఎవరు చెప్తారు? ఇంటర్వ్యూలో అందరూ నవ్వుమొహంతోనే కూర్చుంటారు. మంచిగా చెప్పమని ముందే చెప్పిపెట్టుకున్నవాళ్ళు మంచిగానే చెప్తారు. వాళ్ళకి చేసి ఏం లాభం?" మేడమ్ మెడలో వేలాడుతున్న కళ్ళజోడు తీసి పెట్టుకుంది. "అందుకే గేటు దగ్గర మా వాచ్‌మన్‌ చేత ఒక ప్రశ్న అడిగిస్తాను. లోపల మీకేమైనా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలి, అని. ఆ నంబరుకే చేస్తాను."

భూతద్దం చేతిసంచి పట్టీ సర్దుకుంది.

వాచ్‌మన్ అడిగిన మాట నిజమే. వెనక జనం తోసుకుంటున్నారు. ఆ పొద్దున మొగుడితో ఏదో మాటా మాటా అనుకుని వచ్చింది. షాపు నంబరు నోటికి రాలేదు. వచ్చిన నంబరు వేరే.

తల్లి పోయాక తను చేతులారా పెంచిన తమ్ముడిది.

"మా... మా ఇంటికి చేశారనుకున్నాను" అంది.

"నేనూ మగాయన ఎత్తుతాడనుకున్నాను. ఆడమనిషి ఎత్తింది. ఆయన స్నానానికి వెళ్ళారంది. ఫ్యాక్టరీ అని నేను చెప్పను. ఫలానా ఆవిడ గొడుగు మా దగ్గర మర్చిపోయారండీ, కాస్త చెప్తారా, అంటాను. అంతే! మిగతాది జనం వాళ్ళంతట వాళ్ళే మాట్లాడతారు."

"ఏమంది?"

"వినాలనుందా?"

"వినాలి."

మేడమ్ విన్నది విన్నట్టే చెప్పింది.

"'మా వదినా? గొడుగు మర్చిపోయిందా? భలేవారే, మా వదిన ఏదీ మర్చిపోదండీ. ఎదుటివాళ్ళ తప్పయితే చచ్చినా మర్చిపోదు. నిజంగా ఆవిడదే అయితే మీ దగ్గరే ఉంచుకోండి. వీలైతే ఆవిణ్ణి కూడా ఉంచుకోండి, మేమంతా కాస్త ఊపిరి పీల్చుకుంటాం' అంది. నవ్వుతూనే అంది. నవ్వుతూ అంది కాబట్టే నమ్మాను. కోపంగా అని ఉంటే సగం తీసేసేదాన్ని."

భూతద్దానికి ఆ నవ్వు వినిపించింది. ఆ మాటలో గొంతు ఎక్కడ లేస్తుందో, ఎక్కడ సాగుతుందో కూడా వినిపించింది. పొద్దున్నే టీ కప్పు చేతికిచ్చి, ఏమైపోతారని కంగారుపడ్డ గొంతే.

అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. చెప్పిందాంట్లో ఒక్క ముక్కయినా అబద్ధమని కొట్టిపారెయ్యడానికి లేదు.

"మా ఆడపడుచు... అది ఎవరి నంబరిచ్చింది?"

మేడమ్ వింతగా చూసింది.

"మీదే కదా! మీతో నేనే మాట్లాడాను."

గొడుగు!

మొన్న ఎవరో ఒకావిడ ఫోన్ చేసింది. పిచ్చుక అసలు పేరు చెప్పి, ఆ అమ్మాయి గొడుగు మా దగ్గరుందండీ అంది. తను పొయ్యి మీద పాలు చూసుకుంటూ, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మాట్లాడింది. "దానిదే అయ్యుంటుందండీ. దానికి దాని తల భుజాల మీదుందో లేదో కూడా తెలీదు. పరాయి సొత్తయితే మాత్రం కంటికి రెప్పలా చూసుకుంటుంది. మొన్న నా పచ్చడి సీసా పగలగొట్టి, నేను తిట్టేలోపే అదే ఏడ్చేసింది. తిట్టాల్సినదాన్ని నేనే ఓదార్చాల్సొచ్చింది. ఏం చేస్తాం, దానిమీద కోపం నిలబడదు" అంది. ఆ సాయంత్రం పిచ్చుకకి చెప్తే, "నా గొడుగు ఇంట్లోనే ఉందిగా వదినా?" అంది. ఎవరో పొరబడి ఉంటారని ఇద్దరూ పడీపడీ నవ్వారు.

ఉద్యోగం పిచ్చుక లాక్కోలేదు. తనే ఇచ్చేసింది. పాలు పొంగకుండా చూసుకుంటూ, నోటి చివర్నుంచి ఇచ్చేసింది!

కోపం రావాల్సినది మరదలి మీద. వచ్చింది మాత్రం మళ్ళీ పిచ్చుక మీదే. దానిమీద అంత మంచి మాట తన నోట ఎందుకొచ్చింది? తన మీద ఒక్క మంచి మాట ఎవరి నోటా ఎందుకు రాలేదు?

"గేటు మూసేలోపు ఆ అమ్మాయి వచ్చి చేరాలి" అంది మేడమ్. "రాకపోతే రేపొద్దున మీరు రండి."

"ఫోన్లో అంత మాట విన్నాక కూడా?"

"కుర్చీ ఖాళీగా ఉంచలేనమ్మా. మొదటి మనిషి రాకపోతే రెండో మనిషిని తీసుకుంటాం. అవసరం మాది అయినప్పుడు మాకూ కొన్ని మాటలు వినపడవు." మేడమ్ ఇంకో అద్దం చేతిలోకి తీసుకుంది. "ఇంతకీ ఆ అమ్మాయి రాదని చెప్పడానికేనా మీరొచ్చింది?"

అవును అంటే అయిపోతుంది. ఒక్క మాట. అబద్ధం కూడా కాదు. పిచ్చుకే చెప్పమంది.

"సాయంత్రం లోపల చెప్తాను" అంది భూతద్దం.

*

ఇంటికొచ్చేసరికి సూట్‌కేసు అక్కడే ఉంది. కుర్చీలో అత్తగారు కునికిపాట్లు పడుతోంది. గుమ్మం పక్క నేల మీద కూర్చుని, మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని ఉంది పిచ్చుక.

"ఏం, ఇచ్చారా కుర్చీ?" అంది తలెత్తకుండానే. "తెల్లకోటు పొడుగు సరిపోయిందా? చేతులు మడతెయ్యాలా?"

భూతద్దం దాన్ని దాటుకుని వంటింట్లోకి వెళ్ళింది.

మరదలు గ్లాసులు కడుగుతోంది. తిరిగి చూసింది. వదిన మొహం చూడగానే చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. కుళాయి కట్టడం కూడా మర్చిపోయింది.

భూతద్దమే వెళ్ళి కుళాయి కట్టింది.

"నా తమ్ముడు ఫోను బయట పెట్టి స్నానానికెళ్తాడన్నమాట" అంది.

మరదలు వెనక్కి తిరిగి హాలు వైపు చూసింది. గొంతు తగ్గించింది.

"అది ఫ్యాక్టరీ అని నాకు తెలీదు. ఒట్టు. ఎవరో గొడుగావిడ అనుకున్నాను. నీకు ఉద్యోగం పోతుందని తెలిస్తే అనేదాన్నే కాదు."

నువ్వు! పెళ్ళయిన దగ్గర్నుంచీ వదినని 'మీరు' అనే మనిషి. ఆ మీరు ఎక్కడ జారిపోయిందో మరదలికే తెలిసినట్టు లేదు.

"తెలీకపోతే మాత్రం? దారినపోయే మనిషి దగ్గర నా గురించి అంత మాటంటావా?"

"తెలీని మనిషి కాబట్టే అన్నాను. తెలిసినవాళ్ళలో ఎవరితో అనను? మీ తమ్ముడితో అననా? కూర చేస్తే, మా అక్కయితే ఇలా చెయ్యదు. పక్కవేస్తే, మా అక్క దుప్పటి మీద ముడత ఉండదు. నేను నవ్వితే, మా అక్క ఇంత గట్టిగా నవ్వదు. నువ్వు నా ఇంటికి రానక్కర్లేదు. మూలమూలనా నువ్వే ఉన్నావు. వచ్చినప్పుడేమో కిటికీ అంచు మీద వేలు పెట్టి రాసి, ఆ వేలు చూసుకుంటావు. మాట అనవు. వేలు చూసుకుంటావు, అంతే. ఒక్కరోజు, ఒక్కరోజు నోరు జారాను వదినా."

భూతద్దం చెయ్యి తెలియకుండానే వెనక్కి పోయింది.

"మరి పొద్దున్నుంచీ పిచ్చుకని అందరూ కలిసి కాల్చుకు తింటుంటే చూస్తూ కూర్చున్నావే?"

"నువ్వు చూడలేదూ?"

కుళాయి చుక్క ఒకటి గిన్నెలో పడింది.

"చెప్పకు వదినా" అంది మరదలు, ఇంకా దగ్గరగా వచ్చి. "అది ఎలాగూ పోతానంటోంది. పోనీ. రేపు నువ్వు ఉద్యోగంలో చేరు. నా కాపురం నాకుంటుంది. మీ తమ్ముడికి తెలిస్తే నన్ను చంపేస్తాడు. చంపకపోయినా మాట్లాడడు. అది ఇంకా కష్టం. నీకు తెలుసుగా, మీ తమ్ముడేగా!" ఆమె వదిన చెయ్యి పట్టుకుంది. తడిచెయ్యి, చల్లగా ఉంది. "దానికి ఉద్యోగం వచ్చిందని విన్నప్పుడు నీ గొంతులో ఏముందో నాకు తెలుసు. నేను రోజూ వింటాను ఆ గొంతు, నాలో. మనిద్దరం ఒకటే వదినా."

బయట మోటారుసైకిలు ఆగింది.

ఆ చెయ్యి విడిపించుకోవడానికి భూతద్దానికి కాస్త బలమే కావాల్సొచ్చింది.

*

తమ్ముడు భార్యని తీసుకెళ్ళడానికి వచ్చాడు. వస్తూనే గుమ్మంలో సూట్‌కేసునీ, పిచ్చుకనీ చూసి మొహం చిట్లించాడు.

"ఇంకా ఇక్కడే ఉందా?"

"టాక్సీ చెప్పాను. వస్తోంది" అంది పిచ్చుక, లేచి నిలబడి. "నీ కోసం దారి ఖాళీ చేస్తాన్లే."

"మాటలకి తక్కువ లేదు. బావా, మీరు అనుకోనంటే ఒకటి చెప్తాను..."

మొగుడు ముందుగదిలోంచి తల బయటపెట్టాడు. "అనుకోనుగానీ, కాస్త తక్కువగా చెప్పు."

"ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టినదాని నోటి కాడ కూడు లాక్కుందంటే దాన్నేమంటారు? మా అక్క అంటే ఏమనుకుంటోందీవిడ?" అతని గొంతు పెరిగింది. "మా ఆవిడా వదినా అనే పిలుస్తుంది. చూడండి ఎలా ఉందో. పొద్దున్నే ఇంట్లో పని వదిలేసి పరిగెత్తుకొచ్చింది. వదినంటే ప్రాణం. చూసి నేర్చుకోమనండి!"

మరదలు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. వంచిన తల ఎత్తలేదు.

పిచ్చుక ఏదో అనబోయింది. మాటకి బదులు ఏడుపొచ్చింది. సూట్‌కేసు పిడి పట్టుకుని గట్టిగా లాగింది. అది కుర్చీ కాలికి తట్టుకుంది. ఆ కుదుపుకి అత్తగారికి మెలకువొచ్చింది.

"ఏమైందే? ఫ్యాక్టరీకెళ్ళొచ్చావుగా, ఏమన్నారు?"

అందరూ భూతద్దం వైపు తిరిగారు.

వీధి చివర టాక్సీ హారను వినిపించింది. గేటు మూసేలోపు ఇంకా వ్యవధి ఉంది. ఇప్పుడు ఊరుకుంటే చాలు. ఏమీ అనక్కర్లేదు. టాక్సీ వస్తుంది, పిచ్చుక ఎక్కుతుంది, రేపొద్దున తెల్లకోటు. తమ్ముడు ఎప్పటిలాగే ఆదివారం వచ్చి అక్కా అంటాడు.

మనిద్దరం ఒకటే, అంది కదా మరదలు. ఊరుకుంటే ఆ మాట రోజూ నిజమవుతుంది. రోజూ ఆ తడిచెయ్యి తన చేతిలోనే ఉంటుంది.

"ఆ పిడి వదిలెయ్యవే" అంది భూతద్దం.

పిచ్చుక వదల్లేదు. "ఎందుకు?"

"ఆ టాక్సీలో నీ స్నేహితురాలి గదికి కాదు, ఫ్యాక్టరీకి వెళ్ళు. గేటు మూసేలోపు చేరమన్నారు." అత్తగారి వైపు తిరిగింది. "ఆ ఫోను ఇంటికి రాలేదత్తయ్యా. ఇది ఏమీ అనలేదు. నేనే... ఇదే అందని నేనే అనుకోవాలనుకున్నాను."

పిచ్చుక చేతిలోంచి పిడి జారిపోయింది. సూట్‌కేసు ధబ్బుమని పక్కకి ఒరిగింది.

"ఇంటికి రాకపోతే ఇంకెక్కడికొచ్చిందే?" అన్నాడు మొగుడు.

వంటింటి గుమ్మంలో మరదలి చేతిలోని గాజు గ్లాసు గోడకి తగిలి చిన్న చప్పుడైంది. భూతద్దం అటు చూడలేదు. చూస్తే చెప్పలేకపోతుంది.

"మరి ఈ పిల్ల కాకపోతే, మా వదిన మా వదిన అన్నదెవరే?" అంది అత్తగారు.

"అవునక్కా, ఎవరది?" తమ్ముడు రెండడుగులు ముందుకొచ్చాడు. చిన్నప్పుడు ఎవరైనా అక్కని ఏమైనా అంటే ఇలాగే పిడికిళ్ళు బిగించి ముందుకొచ్చేవాడు. అప్పుడు తనకి ఎంత గర్వంగా ఉండేదో! "నువ్వు భయపడకు. పేరు చెప్పు చాలు. వాళ్ళ సంగతి నేను చూస్తాను. ఎవరక్కా?"

భూతద్దం వాడి కళ్ళల్లోకి చూసింది.

"నీ పెళ్ళాంరా."